పెన్సిలు పెట్టిన ఫోటో

ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ రెండో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు సూపర్‌వైజరు. నురగ జారి ఫోను మీద పడింది. బొటనవేలితో తుడిస్తే ఆ వేలు తగిలి కామెంట్లన్నీ పైకి పరుగెత్తాయి. మళ్ళీ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాడు.

"ఆ నురగ మింగేస్తారు, చూసుకోండి," అంది వంటగదిలోంచి భార్య. "పడుకునేటప్పుడు అదే, లేస్తే అదే. అందులో ఉన్నవన్నీ గోడలూ, బీటలూ. సినిమా తారల ఫోటోలు చూసుకునే మగాళ్ళని చూశాను గానీ పగుళ్ళ ఫోటోలు చూసుకునే మనిషిని మిమ్మల్నే చూశాను."

అతను మాట్లాడలేదు. నోట్లో బ్రష్షు ఉందని కాదు. లేకపోయినా మాట్లాడేవాడు కాదు. మాటల విషయంలో మహా పిసినారి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ దాన్ని గర్వం అనుకుంది. తర్వాత భయం అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది. ఇంట్లో ఇద్దరి మాటలూ తనే ఆడుకుంటూ వస్తోంది.

మనిషి సన్నం. సిమెంటు తినేసిన వేళ్ళ చివర్లు ఎండిన మడిలా నెర్రెలు విచ్చాయి. కుడిచెవి మీద ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉంటుంది. వడ్రంగులు వాడే బల్లపరుపు రకం, కింద పెడితే దొర్లిపోదు. దాని వెనక కొసంతా పంటిగాట్లు. ఆలోచన వస్తే కొరుకుతాడు. ఆలోచన తెగకపోతే చెక్కపొట్టు ఊస్తాడు. ఇవాళ పొద్దున్నే వాకిట్లో ఎర్రపొట్టు చాలా పడింది.

ఫోనులో అతను చూసే ఆ గ్రూపు సివిల్ ఇంజినీర్లది. డిగ్రీలవాళ్ళు, డిప్లొమాలవాళ్ళు, రిటైరైనవాళ్ళు, ఇంకా పరీక్ష తప్పుతూనే ఉన్నవాళ్ళు అందరూ ఒకే సంతలో ఉంటారు. తెల్లారుతూనే ఒకాయన సూర్యుడి బొమ్మ పెట్టి కింద 'పునాది గట్టిదైతే బతుకు గట్టిది' అని రాస్తాడు. ఆ వెనకే ఇంకొకడు ఎక్కడివో వంకర మెట్ల ఫోటో పెట్టి 'ఇందులో తప్పేమిటో చెప్పుకోండి' అంటాడు. అంతే, తేనెతుట్టె మీద రాయి పడ్డట్టే. తప్పు మేస్త్రిదా, గీసినవాడిదా, డబ్బులిచ్చినవాడిదా అని పొద్దుగూకేదాకా కొట్టుకుంటారు. డిప్లొమావాడు నోరెత్తితే డిగ్రీవాడు 'కట్టడాల కోడు పుస్తకం ఎప్పుడైనా తెరిచావా?' అంటాడు. డిగ్రీవాడు నోరెత్తితే డిప్లొమావాడు 'ఎండలో ఎప్పుడైనా నిలబడ్డావా?' అంటాడు. మధ్యలో ఎవడో వచ్చి 'ఉద్యోగం ఉంటే చెప్పండన్నా' అని దండం పెట్టి పోతాడు. ఎవరు ఏమడిగినా సరే, ఒక పెద్దాయన మాత్రం 'ఫోటో చూసి చెప్పలేం, దగ్గరలోని ఇంజినీరుని కలవండి' అని రాస్తాడు. అడిగినవాడు ఇంజినీరే అన్న సంగతి ఆయనకు పట్టదు.

పగులు ఫోటో తీసేటప్పుడు పక్కన ఏదో ఒక వస్తువు పెట్టడం వాళ్ళ ఆచారం. పగులు ఎంత లావుందో చూసేవాడికి తెలియాలి కదా. కొందరు నాణెం పెడతారు, కొందరు తాళంచెవి పెడతారు. ఒకడైతే తన బొటనవేలే పెడతాడు, ఆ గోరు ఎప్పుడూ మురికే. సూపర్‌వైజరు పెన్సిలు పెడతాడు. ఫోటో, అందులో పెన్సిలు, అంతే. కింద ఒక్క అక్షరం రాయడు. ఎవరైనా అడిగితే బొటనవేలు బొమ్మ పెడతాడు. అందుకే అక్కడ అతనికి 'పెన్సిలు గారు' అని పేరు పడిపోయింది.

నిన్న సాయంత్రం మాత్రం అతను రెండు తప్పులు చేశాడు. ఒకటి, నోరు విప్పాడు. 'ఇది ప్లాస్టరు పగులా, దూలం పగులా? దయచేసి చెప్పగలరు' అని రాశాడు. రెండోది, ఆ గ్రూపులో పేరు కనపడకుండా అడిగే వీలుంది గదా అని పేరు దాచుకుని అడిగాడు. దాచుకున్నవాడు దాచుకున్నట్టు ఉండక, చెయ్యి అలవాటు చొప్పున ఫోటోలో పెన్సిలు పెట్టేశాడు.

మొదటి కామెంటే అది. 'ఏమండీ పెన్సిలు గారూ! మొహానికి ముసుగేసుకుని మెళ్ళో పేరు రాసిన పలక కట్టుకున్నారేంటి?' దాని కింద నవ్వులే నవ్వులు. 'ఆ పంటిగాట్లు చూసి మా ఆవిడ కూడా పోల్చింది' అని ఒకడు. 'పగులు సంగతి తర్వాత, ముందు మీ పళ్ళ సంగతి చూపించుకోండి' అని ఇంకొకడు. నవ్వులయ్యాక పగులు దగ్గరికి వచ్చారు. సగంమంది ప్లాస్టరుదే అన్నారు. ఒకడు 'పారిపోండి' అన్నాడు. ఎక్కువమంది మాత్రం ఫోటోలో పగులుకి అడ్డంగా అంటించి ఉన్న గాజుముక్కను చూసి నిమ్మళపడ్డారు. 'గాజు పగల్లేదుగా సార్, హాయిగా పడుకోండి.'

అతను పడుకోలేదు.

"తమ్ముడు ఫోన్ చేశాడు," అంది భార్య, టీ గ్లాసు అందిస్తూ. "సాయంత్రం తెరుస్తున్నారటగా. నన్నూ రమ్మన్నాడు. ముందు వరసలో కుర్చీ వేయిస్తాడట. మీ పక్కన కాదులెండి, మీరెలాగూ కూర్చోరు."

టీ సగం తాగి గ్లాసు గట్టు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, మళ్ళీ లోపలికొచ్చి ఫోను చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తమ్ముడే కంట్రాక్టరు. అంటే సూపర్‌వైజరుకి బావమరిది. పాత బస్టాండుకి మరమ్మత్తు చేసే పని పట్టి, బావని అక్కడ నిలబెట్టాడు. చెడ్డవాడు కాదు. జీతం ఆలస్యం చేయడు, అందరిముందూ 'మా బావ చూసుకుంటాడు' అంటాడు. ఆ మాటే బరువు.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఫోను తీశాడు, లోపల పెట్టాడు, తీశాడు. పక్కనున్నాయన ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందేమో అనుకుని జాలిగా జరిగి చోటిచ్చాడు.

బస్టాండులో మూడో ప్లాట్‌ఫారానికి ఇన్నాళ్ళూ రేకులు అడ్డం పెట్టి ఉంచారు. ప్రయాణికులు బయట ఎండలో నిలబడి తిట్టుకుంటూ బస్సులెక్కారు. ఇవాళ రేకులు తీసేశారు. లోపల కొత్త రంగు వాసన. బల్లలు తుడిచి ఉన్నాయి. చివరి స్తంభాల మధ్య మైకు పెట్టి, దాని ముందు కుర్చీలు వరసలు తీర్చారు. ముందు వరస సరిగ్గా ఆ పగులున్న దూలం కింద ఉంది.

రంగులాయన పుట్టీ డబ్బా పట్టుకుని నిచ్చెన దగ్గరే కాచుకుని ఉన్నాడు. "సార్, ఆ గాజుముక్క ఒక్కటి పీకేస్తే పూడ్చి రంగేసేస్తా. దూలమంతా పెళ్ళికొడుకులా ఉంది, అక్కడ మాత్రం బుగ్గన పుండు."

"ఆగు," అన్నాడు సూపర్‌వైజరు.

"నిన్నా ఆగమన్నారు. పుట్టీ గట్టిపడిపోతోంది సార్, మీలాగే."

నిచ్చెన ఎక్కాడు. పగులుకి అడ్డంగా సన్నటి గాజుపట్టీ అంటించడం పాత పద్ధతి. పగులు కదులుతూ ఉంటే గాజు పుటుక్కున విరుగుతుంది. విరగలేదంటే అది కదలని పగులు, దాని గొడవ అయిపోయిందన్నమాట. ఈ గాజు అంటించింది అతనే, దాని మూల తేదీ రాసిందీ అతనే. రోజూ పొద్దున నిచ్చెనెక్కి చూస్తాడు. గాజు నిక్షేపంలా ఉంది. పెద్ద ఇంజినీరు కూడా వచ్చి కిందనుంచే మెడ ఎత్తి, "గాజు బాగుందా?" అన్నాడు. "ఉందండి," అన్నాడు ఇతను. "అయితే ప్లాస్టరుదే, పూడ్చేయండి," అని కాగితం మీద సంతకం చేసి వెళ్ళాడు. మర్యాదస్తుడు.

అంతా బాగానే ఉంది. కానీ ప్లాస్టరు పగుళ్ళు సాలెగూడులా అల్లుకుంటాయి. ఇది అలా లేదు. స్తంభం పక్కన మొదలై, ఎవరో తోవ చెప్పినట్టు, ఏటవాలుగా పైకి పోయింది. దాన్ని చూస్తే పెన్సిలు పంటి కిందికి పోతుంది. గాజును చూస్తే తిరిగి చెవి మీదికి చేరుతుంది. నిచ్చెన దిగితే మళ్ళీ పంటి కిందికే. ఇన్నాళ్ళుగా ఇదే వరస.

జేబులో ఫోను గుర్రుమంది. నిచ్చెన మీదే తీసి చూశాడు. గ్రూపులో కాదు, విడిగా వచ్చింది. వంతెనలు పరీక్షించే ఒక ఇంజినీరు పంపింది. గ్రూపులో ఆవిడ ఎవర్నీ వదలదు, అందుకే చాటుగా 'వంతెనలమ్మ' అంటారు.

'పెన్సిలు గారూ, ఒక్కటి చెప్పండి. ఆ గాజు దేని మీద అంటించారు? ప్లాస్టరు చెక్కేసి కాంక్రీటు మీదా? పైన ప్లాస్టరు మీదేనా?'

నిచ్చెన కదలలేదు. అతనే కదిలాడు. ఒక చేత్తో దూలం పట్టుకున్నాడు.

చెవి మీది పెన్సిలు తీసి వెనక కొసతో గాజు పక్కన తట్టాడు. టక్కుమనలేదు. డొల్లగా మోగింది. ఇంకాస్త ఇవతల తట్టాడు. అక్కడా డొల్లే. అక్కడ ప్లాస్టరు ఏనాడో దూలాన్ని వదిలేసి, తన మానాన తాను పొంగి నిలబడి ఉంది. గాజు అంటుకున్నది ఆ పొరకి. వెనక దూలం ఏం చేస్తోందో ఆ గాజుకెలా తెలుస్తుంది? కొత్తగా చేరినవాడైనా ముందు ప్లాస్టరు చెక్కుతాడు. ఆ రోజు ఎందుకు చెక్కలేదో అతనికి గుర్తు రాలేదు. ఎండగా ఉందేమో. ఇంటికెళ్ళే వేళయిందేమో.

ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. 'ప్లాస్టరు మీద.'

వెంటనే జవాబు వచ్చింది. 'అయితే ఆ గాజుకి ఏమీ తెలియదండీ. పగులు మంచిదే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఇంత దూరం నుంచి నేనూ చెప్పలేను. కింద ఎవరైనా కూర్చుంటారా?'

కిందికి చూశాడు. రంగులాయన ముందు వరసలో కూర్చుని కాళ్ళు జాపుకుని డబ్బా మీద దరువు వేస్తున్నాడు.

'కుర్చీలు వేశారు.'

'మరి?' అంది వంతెనలమ్మ. అంతకంటే ఏమీ అనలేదు.

దిగుతుండగానే బావమరిది ఫోను. "బావా, ఆ పోస్టేంటి? ముసుగేసుకుంటే ఎవరికీ తెలియదనుకున్నావా? ఆఫీసువాళ్ళు నాకే పంపించి నవ్వుతున్నారు. ముందు అది తీసెయ్."

"గాజు ప్లాస్టరు మీద అంటించాను."

"ఆఁ?"

"కాంక్రీటు మీద అంటించాలి. తప్పు నాది. చెక్కి చూడాలి. మళ్ళీ గాజు పెట్టి కొన్నాళ్ళు ఆగాలి."

"ఏళ్ళ తరబడి పలకవు. ఇవాళే దొరికిందా బావా నీకు నోరు? సాయంత్రం పెద్దలొస్తున్నారు. పెద్ద ఇంజినీరు సంతకం పెట్టాడు, అయిపోయింది. ఏమీ ముట్టుకోకు. వస్తున్నా."

అతను సామాను పెట్టే గోడౌన్ దాకా దాదాపు పరుగెత్తాడు. సెంట్రింగ్ మేస్త్రి తన మనుషులతో జాకీలను, అంటే స్లాబుల కింద ఆసరాగా నిలబెట్టే ఇనప కాళ్ళను, లారీకి ఎక్కిస్తున్నాడు.

"దించు," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎక్కించమన్నదీ మీరే గదా సార్. మమ్మల్ని చూస్తే ఎత్తి దించే యంత్రాల్లా ఉన్నామా?"

"దించు. మూడో ప్లాట్‌ఫారం."

అతని మొహం చూసి మేస్త్రి ఇంకేమీ అడగలేదు. కుర్చీలు గోలగోలగా వెనక్కి జరిగాయి. దూలం కింద అడ్డంగా చెక్క బిగించి, దాని కింద జాకీలు ఒక్కొక్కటీ నిలబెట్టి మరలు తిప్పి బిగించారు. రంగులాయన నెత్తి కొట్టుకున్నాడు. "పెళ్ళికొడుక్కి చంకకర్రలు పెట్టారే!"

స్తంభానికి ఆనుకున్న చివరి జాకీ మర తుప్పుపట్టి ఉంది. ఎంత తిప్పినా పూర్తిగా పైకి రాలేదు. చెక్కకీ దాని తలకీ మధ్య కాస్త సందు మిగిలింది. మేస్త్రి వేరేది తెస్తానన్నాడు. "వద్దు. ఇది ఇలాగే ఉండాలి," అన్నాడు సూపర్‌వైజరు. చెవి మీది పెన్సిలు తీసి ఆ సందులో దూర్చాడు. బల్లపరుపు పెన్సిలు, సరిపోయింది. వేలితో లాగితే సులువుగా బయటికొచ్చింది. మళ్ళీ దూర్చాడు.

"దూలం వెంట్రుకంత కిందికి దిగినా సరే, ఇది బిగుసుకుపోతుంది, లాగినా రాదు," అన్నాడు.

అంత పెద్ద వాక్యం అతని నోటినుంచి మేస్త్రి ఎప్పుడూ వినలేదు.

బావమరిది ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. కారు తలుపు కూడా వేయకుండా నేరుగా దూలం కిందికి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటిది బావా? మరమ్మత్తు చేశామని చెప్పి పిలుస్తుంటే, కూలబోతోందని బోర్డు కట్టావా? తీయించు."

"నేను తీయించను."

"ఏమైంది దీనికి? చెప్పు, ఏమైంది? బీమ్ పోయిందా?"

"తెలీదు."

"తెలీదా! తెలీకుండానే ఇంత చేశావా?"

"తెలీదు గనకే."

బావమరిది మొహం కందగడ్డయింది. అక్క సంగతి ఎత్తాడు, ఈ పని ఎవరిచ్చారో గుర్తు చేశాడు, ఆ గ్రూపులో వాళ్ళంతా పనీపాటూ లేని సన్నాసులన్నాడు. సూపర్‌వైజరు వింటూ అతని కాళ్ళకేసే చూస్తున్నాడు. అరుస్తూ అరుస్తూ బావమరిది ఒకసారి పైకి చూశాడు. ఒక అడుగు పక్కకి వేశాడు. మళ్ళీ అరిచాడు, మళ్ళీ చూశాడు, ఇంకో అడుగు. తనకు తెలియకుండానే దూలం కిందనుంచి పూర్తిగా బయటికొచ్చి, అక్కడినుంచి వేలు చూపించాడు.

"మేస్త్రీ! నువ్వు తియ్యి!"

మేస్త్రి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "తీస్తాను సార్, అదెంత పని! కాకపోతే తీసేటప్పుడు మీరొచ్చి ఇక్కడ నా పక్కన నిలబడండి. నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది."

రంగులాయన డబ్బా మీద దరువు ఆపేశాడు. బావమరిది తన బూట్లకేసి చూసుకున్నాడు. అవి ఎక్కడున్నాయో అప్పుడు తెలిసింది అతనికి. "కుర్చీలు అటు తిప్పండి," అన్నాడు.

సాయంత్రం అంతా సవ్యంగానే జరిగింది. వచ్చిన పెద్దమనిషి ఇనప కాళ్ళు చూసి ఇవేమిటన్నాడు. "అదనపు భద్రతండి," అన్నాడు బావమరిది, నవ్వు తెచ్చుకుని. చప్పట్లు కొట్టారు. భార్య ముందు వరసలో, దూలానికి దూరంగా, మెడ తిప్పుకుని భర్తకోసం వెతుకుతూ కూర్చుంది. అతను జనం వెనక ఒక స్తంభం దగ్గర్నుంచి ఇంకో స్తంభం దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు.

జనం పల్చబడ్డాక బావమరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతు మామూలుగానే ఉంది. "రేపట్నుంచి రావద్దులే బావా. అక్కకి నేను చెప్తాను."

"నేనే చెప్తాను."

"నువ్వు? చెప్తావా?" అన్నాడు బావమరిది. ఇద్దరికీ నవ్వు రాబోయింది. రాలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో అతను కూర్చున్నాడు. భార్య చాలాసేపు మాట్లాడింది. మైకు గురించి, పెద్దమనిషి ఆవలింత గురించి. తర్వాత, "తమ్ముడు మొహం అలా ఉందేం?" అంది.

"పని పోయింది. నా తప్పే."

అతను అంత సూటిగా జవాబు చెప్పడం కొత్త. దాన్ని పాడుచేయడం ఇష్టంలేనట్టు ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత అతని చెవికేసి చూసింది.

"పెన్సిలేదీ?"

చెయ్యి చెవి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. "అక్కడే ఉంది."

"మరిచిపోయారా?"

"తీయకూడదు."

ఇంటికెళ్ళాక వంతెనలమ్మకి 'జాకీలు పెట్టాను' అని రాశాడు. ఆవిడ బొటనవేలు బొమ్మ పెట్టింది. ఆ తర్వాత అతను పోస్టు తీసేసి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఎవరూ గమనించలేదు. పోస్టు లేకపోయినా అది ప్లాస్టరుదా దూలానిదా అని ఇంకో పూట కొట్టుకున్నారు. ఎవడో వంకర బాల్కనీ ఫోటో పెట్టగానే అటు పోయారు.

మూడో ప్లాట్‌ఫారంలో జాకీలు ఇంకా ఉన్నాయి. ప్రయాణికులు వాటికి సంచులు తగిలిస్తారు, ఆనుకుని ఫోన్లు చూసుకుంటారు. కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. తీయమని నోటితో చెప్పినవాళ్ళున్నారు గానీ, పక్కన నిలబడతానన్నవాళ్ళు లేరు. బావమరిది అటు వచ్చినప్పుడల్లా చివరి జాకీ దగ్గర ఆగుతాడు. ఒకసారి చెయ్యి పైకెత్తి వేళ్ళు అక్కడిదాకా పోనిచ్చాడు కూడా. తర్వాత ఆ చేత్తోనే చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు. చెక్కకీ ఇనుముకీ మధ్య ఎర్ర పెన్సిలు అలాగే ఉంది, పంటిగాట్ల కొస బయటికి పెట్టుకుని. లాగితే వస్తుందో రాదో, ఇంతవరకు ఎవరూ లాగి చూడలేదు.